మైదానం గోడ మీద ఎవరి పేరు?



2025 అక్టోబరులో మన విశాఖలో ఒక మంచి పని జరిగింది. మహిళల ప్రపంచ కప్ క్రికెట్‌లో మన జట్టు ఆస్ట్రేలియాతో ఆడిన రోజున, పీఎం పాలెం స్టేడియంలో ఒక స్టాండుకు మిథాలీ రాజ్ పేరు, ఒక గేటుకు రావి కల్పన పేరు పెట్టారు. అంతకు కొద్ది నెలల ముందు ఒక సభలో, స్టాండ్లకు ఆడవాళ్ళ పేర్లు ఎందుకు ఉండవన్న మాటను స్మృతి మంధాన మంత్రి నారా లోకేశ్ దగ్గర ఎత్తింది. అడిగిన మనిషి ఉంది కాబట్టి పని జరిగింది. ఆ వార్త చదివి సంతోషించాను. వెంటనే ఇంకో ఆలోచన కూడా వచ్చింది. అడిగే మనిషి లేని ఆటగాళ్ళ సంగతేమిటి?

మన రెండు రాష్ట్రాల్లో పెద్ద స్టేడియాల పేర్లు ఒకసారి తలుచుకోండి. హైదరాబాద్‌లో లాల్ బహదూర్ స్టేడియం, గచ్చిబౌలిలో బాలయోగి స్టేడియం. మన ఊళ్ళో ఇందిరా ప్రియదర్శిని స్టేడియం, రాజశేఖర రెడ్డి స్టేడియం. వాళ్ళంతా ప్రజల కోసం పనిచేసిన పెద్దలే. కానీ ఆ మైదానాల్లో చెమటోడ్చింది వాళ్ళు కాదు. పక్కనే ఉన్న శ్రీకాకుళంలో మల్లయోధుడు కోడి రామమూర్తి పేరు మీద స్టేడియం ఉంది. ఆ పేరు పెట్టినవాళ్ళకు మనస్ఫూర్తిగా దణ్ణం పెడతాను.

ఈ పూట నేను ఫుట్‌బాల్ గురించి మాట్లాడతాను. ఆటలో గొప్పవాళ్ళెవరో తేల్చి, వాళ్ళ పేర్లు కలకాలం నిలిపే హాల్ ఆఫ్ ఫేమ్‌లు, అంటే కీర్తి మందిరాలు, చాలా దేశాల్లో ఉన్నాయి. వాటిలోకి ఎవరిని తీసుకోవాలన్నది ఎలా నిర్ణయిస్తారు, ఎక్కడ తగాదా వస్తుంది, మన తెలుగు నేల ఫుట్‌బాల్ ఆటగాళ్ళకు అలాంటి చోటు కడితే ముందు ఎవరి పేరు రాయాలి, ఇదీ విషయం.

అమెరికాలో ఓహాయో రాష్ట్రంలో కాంటన్ అనే ఊళ్ళో అలాంటి ఫుట్‌బాల్ మందిరం ఒకటుంది. అక్కడివాళ్ళు ఫుట్‌బాల్ అని పిలిచే ఆట మనం ఆడేది కాదు, కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. అయినా వాళ్ళ పద్ధతి తెలుసుకోవలసిందే. 1963లో మొదటి విడతగా 17 మందిని తీసుకున్నారు. ఆటగాడు ఆట మానేసి అయిదేళ్ళు గడిస్తే గాని అతని పేరు చర్చకు రాదు. అభిమానం వేడి మీద ఉన్నప్పుడు తీర్పు చెప్పకూడదని ఆ నియమం. ఓటు వేసేవాళ్ళలో ఎక్కువమంది ఏళ్ళ తరబడి ఆ ఆటను చూసి రాసిన విలేకరులు. చివరి వడపోతలో మిగిలిన ఒక్కొక్కరి తరఫున ఒక మనిషి లేచి వాదన వినిపిస్తాడు. మిగతావాళ్ళు ఎదురు ప్రశ్నలు వేస్తారు. తలుపులు మూసుకుని గంటల తరబడి వాదించుకున్నాక ఓటు. నూటికి 80 మంది అవునంటేనే లోపలికి. సగానికి పైగా వస్తే చాలుననుకోలేదు వాళ్ళు. దాదాపు అందరూ ఒప్పుకునే మనిషి కావాలన్నారు.

అక్కడా రభస తప్పలేదు. టెరెల్ ఓవెన్స్ అనే ఆటగాడి లెక్కలు చూస్తే మొదటిసారే తీసుకోవాలి. అతని నడవడి నచ్చనివాళ్ళు రెండేళ్ళు అడ్డుకున్నారు. మూడో ఏట, 2018లో తీసుకున్నప్పుడు అతను కాంటన్ సభకే వెళ్ళలేదు. తను చదువుకున్న ఊళ్ళో వేరే సభ పెట్టుకున్నాడు. మనిషి మంచితనాన్ని చూడాలా, ఆటను చూడాలా అన్న ప్రశ్నకు ఆ మందిరం ఇంకా అందరూ ఒప్పే జవాబు చెప్పలేదు. మైదానంలో చేసిన ద్రోహం, అంటే మ్యాచ్ అమ్ముకోవడం లాంటిది, ఉంటే పేరు కొట్టెయ్యాలి. నోటి దురుసుతనానికి మాత్రం పేరు ఆపకూడదు. నా అభిప్రాయం ఇది.

మనం ఆడే ఫుట్‌బాల్‌కు వద్దాం. 2000లో ఫిఫా, శతాబ్దపు మేటి ఆటగాడెవరో తేల్చాలనుకుంది. ఇంటర్‌నెట్‌లో జనం చేత ఓట్లు వేయించింది. మారడోనా సగానికి పైగా ఓట్లతో గెలిచాడు. పెలే ఎంతో దూరంలో రెండో స్థానంలో ఉన్నాడు. అప్పుడు ఫిఫా ఆట తెలిసిన పెద్దల మాట కూడా లెక్కలోకి తీసుకుంది. పెద్దలు పెలే అన్నారు. చివరికి గౌరవాన్ని ఇద్దరికీ పంచి తగాదా సర్దుకుంది. ఇందులో జనం తప్పేమీ లేదు. 2000లో కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రవాడు 1986 మారడోనాను టీవీలో చూశాడు. 1958 పెలేను వాళ్ళ తాతలు చూశారు. కళ్ళతో చూసినవాడికే ఎవరైనా ఓటేస్తారు. అందుకే జనం ఓటు ఒక్కటే పెట్టుకుంటే వెనకటి తరం మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్ వాళ్ళు 2021లో మందిరం మొదలుపెట్టినప్పుడు అభిమానుల ఓటునూ నిపుణుల ఓటునూ కలిపారు. కానీ ఆ లీగ్ పుట్టిందే 1992లో. వాళ్ళు తవ్వి తీయవలసిన పాతకాలం పెద్దగా లేదు. మనకు ఉన్నదంతా పాతకాలమే.

పాతకాలాన్ని తవ్వడంలో నాకు బాగా నచ్చింది ఇంగ్లండ్ నేషనల్ ఫుట్‌బాల్ మ్యూజియం చేసిన పని. 2002లో మొదటి విడత పేర్లు ప్రకటిస్తూ, బాబీ చార్ల్‌టన్ లాంటి మహామహుల సరసన లిలీ పార్ అనే ఆమె పేరు చేర్చారు. ఆమె ప్రెస్టన్ పట్టణంలో డిక్ కెర్ అనే ఫ్యాక్టరీ పేరు మీద నడిచిన ఆడవాళ్ళ జట్టులో ఆడింది. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లో ఆ జట్టు ఆట చూడటానికి 53,000 మంది వచ్చారు. మరుసటి ఏడాదే అక్కడి ఫుట్‌బాల్ సంఘం తన మైదానాల్లో ఆడవాళ్ళు ఆడకూడదని నిషేధించింది. ఆ నిషేధం దాదాపు 50 ఏళ్ళు సాగింది. లిలీ పార్ 1978లో చనిపోయింది. ఆమెకు పతకాల లెక్క లేదు, దేశం తరఫున ఆడిన మ్యాచ్‌ల లెక్క లేదు, ఎందుకంటే ఆ లెక్కలు రాయవలసిన సంఘమే తలుపు మూసేసింది. అయినా మ్యూజియంవాళ్ళు ఆమె ఆటను గుర్తించారు. అధికారిక రికార్డులో లేని మనిషిని రికార్డులోకి ఎక్కించారు. మనకు ఆదర్శం కాంటన్ ఓటింగు కన్నా ఇదే అంటాను.

ఫ్యాక్టరీ జట్టు అన్నాను కదా. ఆ మాట విశాఖవాళ్ళకు కొత్తగా ఉండదు. మన దేశంలో ఫుట్‌బాల్‌ను చాలాకాలం పోషించింది ఉద్యోగమిచ్చిన సంస్థలే. పోలీసు, సైన్యం, రైల్వే, కార్ఖానా. దేశపు జట్టుకు ఆడిన పి.కె. బెనర్జీ అంతటివాడు మోహన్ బగాన్‌కూ ఆడలేదు, ఈస్ట్ బెంగాల్‌కూ ఆడలేదు. ఈస్టర్న్ రైల్వేకు ఆడాడు. ఆ రైల్వే జట్టు 1958లో కలకత్తా లీగ్ గెలిచి పెద్ద క్లబ్బులను నివ్వెరపరిచింది.

హైదరాబాద్ ఫుట్‌బాల్ పోలీసు జట్టుతోనే వెలిగింది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. డ్యూరాండ్ కప్ కూడా తెచ్చింది. ఆ జట్టు వెనక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. ఉస్మానియాలో చదువుకున్నారు, బడిపంతులుగా పనిచేశారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా, ఆ తరవాత పోలీసు జట్టుకూ దేశపు జట్టుకూ శిక్షకుడిగా ఉన్నారు.

రహీం గారి పేరు మందిరంలో మొదట రాయాలంటే ఎదురు వాదన చేసేవాడు ఒకడుంటాడు. ఉండాలి కూడా. అతను ముందుగా హెల్సింకి సంగతి ఎత్తుతాడు. 1952 ఒలింపిక్స్‌లో రహీం శిక్షణలోని మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయింది. భారత ఫుట్‌బాల్ చరిత్రలో అంతటి ఓటములు తక్కువ. దాన్ని దాచకూడదు. కానీ ఆ ఓటమి తరవాత ఏం జరిగిందో చూడాలి. మనవాళ్ళలో చాలామంది వట్టి కాళ్ళతో, చలిలో, తడిసిన గడ్డి మీద ఆడారు. ఆ తరవాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. రహీం జట్టు నడకనే మార్చారు. ఒంటరిగా బంతిని తీసుకుపోవడం తగ్గించి, ఒకరి నుంచి ఒకరికి త్వరగా అందించుకోవడం నేర్పారు. నాలుగేళ్ళకు, 1956లో మెల్‌బోర్న్‌లో, మన జట్టు ఆస్ట్రేలియాను వాళ్ళ నేల మీదే 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఆసియా నుంచి ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన మొదటి దేశం మనదే. అక్కడ మళ్ళీ యుగోస్లావియానే ఎదురైంది. ఈసారి తేడా 4-1. ఆ జట్టులో పీటర్ తంగరాజ్, నూర్ మహమ్మద్, తులసీదాస్ బలరాం, ఇంకా ఎందరో హైదరాబాదీలు ఉన్నారు.

అంతకు ముందు 1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడల స్వర్ణం కూడా ఆయన శిక్షణలోనే వచ్చింది. ఇరాన్‌పై 1-0. ఇక 1962 జకార్తా. ఆ కథ కొంత ఇప్పుడు సినిమా వల్ల జనానికి తెలిసింది. 2024లో వచ్చిన మైదాన్ చిత్రంలో అజయ్ దేవగన్ రహీం పాత్ర వేశారు. సినిమా వచ్చాక ఎంతోమంది మొదటిసారి ఆయన పేరు విన్నామన్నారు. 1963లో చనిపోయిన మనిషి గురించి ఒక హిందీ సినిమా చెబితే గాని ఆయన సొంత నేలవాళ్ళకు తెలియలేదన్నది నన్ను బాధపెట్టే విషయం.

జకార్తాలో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. ఆపైన థాయ్‌లాండ్‌నూ జపాన్‌నూ గెలిచి, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో దాటి, సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్ళీ కొరియా ముందు నిలబడ్డాం. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వకపోవడంపై మన క్రీడాధికారి ఒకరు అభ్యంతరం చెప్పినందుకు ఇండోనేషియా జనం మనపై మండిపడి ఉన్నారు. స్టేడియం నిండా ఉన్నవాళ్ళు మన గీతానికే ఎగతాళి కేకలు పెట్టారు. తలకు కుట్లు పడి ఉన్న డిఫెండర్ జర్నయిల్ సింగ్‌ను రహీం ముందుకు, గోల్ కొట్టే చోటికి పంపారు. పి.కె. ఒక గోల్, జర్నయిల్ ఒక గోల్. 2-1తో స్వర్ణం. ఫైనల్ ఆడిన 11 మందిలో ముగ్గురు హైదరాబాద్‌వాళ్ళు: గోల్‌కీపర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్, బలరాం. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశారు. వయసు 53. ఆ తరవాత మన దేశానికి ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో స్వర్ణం మళ్ళీ రాలేదు.

శిక్షకులకిచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో మొదలైంది, ఆయన పోయిన 22 ఏళ్ళకు. ప్రభుత్వ గౌరవాలు చాలావరకు బతికున్నవాళ్ళ కోసం. మందిరానికి ఆ అడ్డు లేదు. చనిపోయినవాళ్ళకు న్యాయం చేయగల చోటు అదొక్కటే. హెల్సింకిని ఎత్తిచూపే పెద్దమనిషికి నా జవాబు ఇది: ఆ ఓటమిని ఆయన రికార్డు నుంచి తీసెయ్యొద్దు, మెల్‌బోర్న్ పక్కనే రాయండి. రెండూ కలిపి చదివితేనే ఆయన ఎంత పని చేశారో అర్థమవుతుంది.

రహీం విషయంలో వాదన తొందరగా తేలుతుంది. బలరాం విషయంలో తేలదు. అందుకే ఆయన గురించి కొంచెం నిదానంగా చెబుతాను.

తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో తమిళ దంపతులకు పుట్టారు. బీద కుటుంబం. ఆయనలోని ఆటను పసిగట్టి పైకి తెచ్చినవారు రహీం. 1956, 1960 ఒలింపిక్స్ ఆడారు. 1960లో రోమ్‌లో హంగరీ మీద మనకు వచ్చిన ఒక్క గోల్ ఆయనదే. పెరూ మీద వచ్చిన ఒక్క గోల్ కూడా ఆయనదే. ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళి 1961లో ఆ జట్టు నాయకుడిగా కలకత్తా లీగ్ గెలిపించారు. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం, ఈ ముగ్గురి పేర్లూ కలిపే పలికేవారు ఆ రోజుల్లో. ముగ్గురికీ అర్జున అవార్డు వచ్చింది, వరసగా 1961లో పి.కె.కు, 1962లో బలరాంకు, 1963లో చునీకి. ఆ తరవాత దారులు వేరయ్యాయి. చునీకి 1983లో పద్మశ్రీ, పి.కె.కు 1990లో పద్మశ్రీ. బలరాంకు చివరిదాకా రాలేదు. 2023 ఫిబ్రవరిలో, ఆ పురస్కారం అందకుండానే, కలకత్తాలో కన్నుమూశారు.

ఎందుకు రాలేదు? నాకు తోచిన కారణాలు చెబుతాను. ఊపిరితిత్తుల జబ్బు వచ్చి ఆయన 30 ఏళ్ళు నిండకుండానే, 1963లో ఆట ఆపవలసి వచ్చింది. పి.కె. తరవాత గొప్ప శిక్షకుడయ్యారు, చునీ రంజీ క్రికెట్ కూడా ఆడి బెంగాల్‌కు నాయకత్వం వహించారు. వాళ్ళ పేర్లు పత్రికల్లో ఇంకో 20, 30 ఏళ్ళు నలుగుతూనే ఉన్నాయి. బలరాం తన మానాన తాను ఉత్తర్‌పారాలో ఒంటరిగా బతికారు. ఇంకో కారణం దీనికన్నా ముఖ్యమైంది. ఆయన తరఫున లేచి వాదన వినిపించవలసినవాళ్ళు ఎవరు? పుట్టింది తెలుగు నేల మీద, పేరు తెచ్చుకున్నది బెంగాల్‌లో, ఇంటి భాష తమిళం. మూడు ప్రాంతాలూ మావాడే అనుకోవలసింది. మూడు ప్రాంతాలకూ ఆయన పక్కింటివాడైపోయాడు.

మందిరాల దగ్గర వచ్చే అతి పెద్ద తగాదా కూడా ఇదే. ఆట నిడివి చూడాలా, ఆట ఎత్తు చూడాలా? 15 ఏళ్ళు నిలకడగా ఆడినవాడు గొప్పా, ఏడేళ్ళు ఆకాశమంత ఎత్తున ఆడి జబ్బుతో ఆగిపోయినవాడు గొప్పా? నిడివికే పెద్దపీట వేస్తే అదృష్టానికీ ఆరోగ్యానికీ ఓటు వేసినట్టు అవుతుంది. బలరాం ఆడిన కొద్ది ఏళ్ళలో రెండు ఒలింపిక్స్, రెండు ఆసియా క్రీడలు, ఒక స్వర్ణం ఉన్నాయి.  ఆయన ఆటను ఎత్తుతోనే కొలవాలి.

ఇక మనవాడా కాదా అన్న ప్రశ్న. దానికి మన విశాఖ ఇప్పటికే జవాబు చెప్పేసింది. మిథాలీ రాజ్‌ది తమిళ కుటుంబం. రాజస్థాన్‌లో పుట్టి సికింద్రాబాద్‌లో పెరిగింది, రైల్వేస్‌కు ఆడింది. ఆమె పేరు మన స్టేడియంలో ఉంది, నాకు తెలిసి ఊళ్ళో ఎవరూ తప్పుపట్టలేదు. సికింద్రాబాద్ గడ్డ మీద బంతి తన్నడం నేర్చుకున్న బలరాంకు వేరే కొలత ఎందుకు? మరో సంగతి. 1963లో ఆయన ఈస్ట్ బెంగాల్ వదిలి చేరింది బీఎన్‌ఆర్ జట్టులో, అంటే బెంగాల్ నాగపూర్ రైల్వే పేరు నిలబెట్టిన జట్టులో. 1933లో ప్రారంభమైన మన విశాఖ ఓడరేవును కట్టింది ఆ రైల్వే కంపెనీయే.

పీటర్ తంగరాజ్ పేరు దగ్గర ఇంకో చిక్కు వస్తుంది. గోల్‌కీపర్‌కు లెక్కలు ఉండవు. కొట్టిన గోల్స్ ఎవరైనా రాసిపెట్టుకుంటారు, ఆపిన గోల్స్ ఎవరు రాశారు ఆ రోజుల్లో? నూర్ మహమ్మద్ లాంటి హాఫ్‌బ్యాక్‌లకు కూడా ఇదే ఇబ్బంది. వాళ్ళ గొప్పతనం ఆనాటి మ్యాచ్ కథనాల్లో, ఎదుటి జట్టువాళ్ళు చెప్పిన మాటల్లో మాత్రమే దొరుకుతుంది. 1958లో ఆసియా మేటి గోల్‌కీపర్‌గా తంగరాజ్‌ను ఎంచారు, 1967లో అర్జున వచ్చింది. చివరి ఏళ్ళు ఆయన బొకారో ఉక్కు నగరంలో గడిపారు, 2008లో అక్కడే పోయారు. ఇంకో ఉక్కు నగరం ఆయన్ను చివరిదాకా తన దగ్గర ఉంచుకుందంటే మన ఉక్కునగరంవాళ్ళు సంతోషించవలసిన విషయమే.

ఆ తరవాతి తరంలో నయీముద్దీన్ నాయకత్వంలో 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కంచు పతకం వచ్చింది. మనకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఇప్పటిదాకా అదే చివరి పతకం. అదే జట్టులో మహమ్మద్ హబీబ్ ఉన్నారు. 1977లో పెలే కాస్మోస్ జట్టుతో కలకత్తా వచ్చినప్పుడు 2-2తో ముగిసిన ఆటలో మోహన్ బగాన్ తరఫున ఒక గోల్ హబీబ్‌ది. 1974లో ఆసియా యువజన పోటీల్లో ఇరాన్‌తో కలిసి కప్ పంచుకున్న మన జట్టుకు నాయకుడు షబ్బీర్ అలీ. వీళ్ళ పేర్ల మీద పెద్ద వాదన అక్కర్లేదు. రహీం గారి కుమారుడు హకీం మీద మాత్రం వాదన రావాలి. 1960 ఒలింపిక్ జట్టులో ఉన్నారు కాని మ్యాచ్ ఆడే అవకాశం రాలేదు. ఆ తరవాత అంతర్జాతీయ రిఫరీ అయ్యారు. రిఫరీకి మందిరంలో చోటుందా? ఉండాలంటాను. ఈల పట్టినవాడు లేకపోతే ఆటే లేదు.

రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ సంగతి వదలకూడదు. హైదరాబాద్ జట్టు 1956లోనూ 1957లోనూ గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరు మీద ఆడిన జట్టు కొల్లంలో బెంగాల్‌ను ఓడించి కప్ తెచ్చింది. ఇప్పుడు రాష్ట్రాలు రెండు. ఆ కప్ ఎవరిదని అడిగితే ఏం చెబుతాం? ఆడిన ఆటగాళ్ళది. అందుకే తెలుగు ఫుట్‌బాల్ మందిరం ఒక్కటే ఉండాలి, రెండు రాష్ట్రాలకూ కలిపి. ఈ ఒక్క విషయంలో గీత గీస్తే గతం మొత్తం హైదరాబాద్ వైపు ఉండిపోతుంది, మన తీరానికి ఖాళీ గోడ మిగులుతుంది.

అంటే మన తీరంలో ఫుట్‌బాల్ లేదా? ఉంది. పోర్టు, రైల్వే, షిప్‌యార్డు, నావికాదళం, ఉక్కు కర్మాగారం, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్ళో బంతి లేకుండా ఎలా ఉంటుంది? పగలు షిఫ్టు చేసి సాయంత్రం గ్రౌండులో దిగినవాళ్ళు, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం తెచ్చుకుని సంస్థ జట్టుకు ఏళ్ళ తరబడి ఆడినవాళ్ళు, రిటైరయ్యాక కాలనీ పిల్లలకు పైసా తీసుకోకుండా ఆట నేర్పినవాళ్ళు ఈ ఊళ్ళో ఉన్నారు. ఈ ప్రసంగం వింటున్నవాళ్ళలో కూడా ఉంటారు. వాళ్ళ ఆట ఎక్కడా రాసి లేదు. క్రికెట్‌లో వీధి మ్యాచ్‌కు కూడా స్కోరు పుస్తకం ఉంటుంది. ఫుట్‌బాల్‌లో జిల్లా ఫైనల్ ఎవరు గెలిచారో, గోల్ ఎవరు కొట్టారో పాతికేళ్ళ తరవాత చెప్పగల కాగితం దొరకడం కష్టం. లిలీ పార్‌ను వెతికినవాళ్ళకు పాత పత్రికలైనా దొరికాయి.

మన మందిరం పెడితే ఎలా ఎంచాలో నాకు తోచింది చెబుతాను. అయిదేళ్ళ నియమం కాంటన్ నుంచి తీసుకోవచ్చు. నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్ళి క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కు ఆడిన గుగులోత్ సౌమ్య పేరు తప్పకుండా వస్తుంది. కాని ఆమె ఇంకా ఆడుతోంది, ఆడనివ్వండి. ఓటు వేసేవాళ్ళలో పాత ఆటగాళ్ళు సగం మించకూడదు, వాళ్ళకు తమ తరం మీద ప్రేమ ఎక్కువ. విలేకరులు, చరిత్ర తెలిసినవాళ్ళు, రిఫరీలు, ఆడవాళ్ళ ఆట తెలిసినవాళ్ళు కూడా కూర్చోవాలి. సంఘాల పదవుల్లో ఉన్నవాళ్ళకూ రాజకీయ నాయకులకూ ఓటు ఇవ్వకూడదు, అతిథులుగా వస్తే సంతోషం. జనం పేర్లు సూచించాలి, తీర్పు మాత్రం వాదన విన్నవాళ్ళే చెప్పాలి. ఒక్క విషయంలో కాంటన్‌తో నాకు పేచీ ఉంది. వాళ్ళు తలుపులు మూసుకుని వాదించుకుంటారు. మనం తలుపులు తెరిచి వాదించుకుందాం. ఒక్కొక్కరి తరఫున వినిపించిన వాదన, ఎదురు వాదన, రెండూ అచ్చు వేద్దాం. పేరు ఎక్కినా ఎక్కకపోయినా ఆ మనిషి ఆట గురించి నాలుగు పేజీలు మిగులుతాయి. రేపు ఇంకొకరు దాన్ని చదివి, పోయినసారి తప్పు చేశారని వాదించవచ్చు. ఒకసారి కాదన్న పేరును మళ్ళీ తెచ్చే హక్కు ఎప్పటికీ ఉండాలి.

ఏటా ఎంతమందిని తీసుకోవాలి? ముగ్గురికి మించవద్దు. పదిమందిని ఒకేసారి తీసుకుంటే సన్మాన సభ అవుతుంది, శాలువాలు కప్పి ఇంటికి పంపిస్తాం. ముగ్గురైతే ఒక్కొక్కరి గురించి కూర్చుని మాట్లాడుకుంటాం. మొదటి ఏడాది నా ఓటు రహీం గారికి, బలరాం గారికి, మూడోది తంగరాజ్ గారికి. మీలో ఎవరైనా మూడో పేరు హబీబ్‌ది కావాలంటే నేను వాదనకు సిద్ధం.

ఇది ఎప్పుడు కడతారో, ఎవరు కడతారో నా చేతిలో లేదు. దానికి ముందు జరగవలసిన పని మాత్రం మన అందరి చేతిలో ఉంది. మీ ఇంట్లో ఎవరైనా పోర్టుకో, రైల్వేకో, స్టీల్ ప్లాంటుకో, షిప్‌యార్డుకో, కాలేజీకో ఫుట్‌బాల్ ఆడి ఉంటే, బీరువాలో ఉన్న జట్టు ఫొటో బయటికి తీయండి. నిలబడ్డవాళ్ళు ఎవరు, కూర్చున్నవాళ్ళు ఎవరు, ఏ సంవత్సరం, ఏ పోటీ అన్నది చెప్పగల పెద్దవాళ్ళు ఉండగానే అడిగి వెనక రాయించండి. పత్రిక ముక్కలు, సర్టిఫికెట్లు ఉంటే నకళ్ళు తీయించి ఒక ప్రతి మీరు ఉంచుకుని, ఇంకోటి ఊళ్ళో ఏదైనా గ్రంథాలయానికి ఇవ్వండి. పద్మ పురస్కారాలకు పేరు సూచించే హక్కు ఇప్పుడు మామూలు పౌరుడికి కూడా ఉంది. బతికున్న పాత ఆటగాళ్ళలో అర్హులు మీకు తెలిస్తే, కాగితాలు జతచేసి ఈ ఏడాదే పంపండి. బలరాం గారికి ఆలస్యమైపోయింది. మిగిలినవాళ్ళకు ఇంకా కాలేదు.